వారానికి రెండు రోజులే రైలు ప్రయాణం.. సీజన్ టికెట్ తీసుకోవాలా, రోజువారీ టికెటే మేలా?

మీరు రోజూ రైలెక్కరు. అనపర్తి నుంచి రాజమండ్రికి వారానికి రెండు రోజులు, తణుకు నుంచి భీమవరానికి మూడు రోజులు, తాడేపల్లిగూడెం నుంచి విజయవాడకు ఒక్క సోమవారం. గెస్ట్ లెక్చరర్లు, షిఫ్టులు మారే నర్సులు, రెండు మూడు షాపుల లెక్కలు రాసే అకౌంటెంట్లు, వారంలో కొన్ని రోజులే ఆఫీసుకు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఇలాగే తిరుగుతుంటారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక భీమవరం, ఏలూరు, కాకినాడ, రాజమహేంద్రవరం వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యాయి. దాంతో కలెక్టరేట్ పనుల మీద అప్పుడప్పుడూ తిరగాల్సిన వారి దారులూ మారాయి.

ఇలాంటి వారికి కౌంటర్ దగ్గర వచ్చే సందేహం ఒకటే. నెలకు సరిపడా డబ్బు కట్టి సగం రోజులు ఇంట్లో కూర్చుంటే సీజన్ టికెట్ దండగ కదా?

చాలాసార్లు కాదు. అయితే అందరూ ముందుగా అడిగే నెల సీజన్ ఇలాంటి వారికి అంతగా కలిసిరాదు. పనికొచ్చేది మూడు నెలల సీజన్. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

మన దగ్గర ‘ఇన్ని రోజుల’ పాస్ లేదు

ఇంగ్లండ్‌లో ఫ్లెక్సీ సీజన్ అని ఒక టికెట్ ఉంది. కరోనా తర్వాత వారానికి రెండు మూడు రోజులే ఆఫీసుకు వెళ్లేవారు పెరగడంతో 2021 జూన్‌లో దాన్ని తెచ్చారు. 28 రోజుల గడువులో మీకు నచ్చిన 8 రోజులు ప్రయాణించవచ్చు. వెళ్లని రోజుకు డబ్బు పోదు.

భారతీయ రైల్వేలో అలాంటిది లేదు. ఇక్కడి సీజన్ టికెట్‌కు రోజుల లెక్క ఉండదు, గడువే ఉంటుంది. నెల, మూడు నెలలు, ఆపైన ఆరు నెలలు, ఏడాది. ఆ గడువులో రోజుకు రెండుసార్లు వెళ్లొచ్చినా, నెలకు రెండుసార్లే వెళ్లినా ధర ఒకటే. అందుకే పార్ట్‌టైమ్ ప్రయాణికుడు తన లెక్క తానే వేసుకోవాలి.

ఆ లెక్కకు రెండు అంకెలు చాలు. సెకండ్ క్లాస్ నెల సీజన్ ధరను సుమారు 15 సింగిల్ ప్రయాణాల చార్జీ ఆధారంగా నిర్ణయిస్తారు. మూడు నెలల సీజన్ ధర నెల సీజన్‌కు 2.7 రెట్లు. అంటే మూడు నెలలకు సుమారు 41 సింగిల్ ప్రయాణాల డబ్బు.

ఈ 15 అనే అంకె ఒకసారి మారబోయింది. 2014 జూన్‌లో చార్జీలు పెంచినప్పుడు సీజన్ ధరను 15 ప్రయాణాలకు బదులు 30 ప్రయాణాల మీద లెక్కించాలని రైల్వే నిర్ణయించింది. ముంబయి ప్రయాణికుల నుంచి, అక్కడి ఎంపీల నుంచి గట్టి వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ మార్పే అమలై ఉంటే వారానికి రెండు మూడు రోజులు వెళ్లేవారికి నెల సీజన్ గురించి ఆలోచించే పనే ఉండేది కాదు. 2025లో జులై 1న, డిసెంబర్ 26న రెండుసార్లు చార్జీలు పెంచినా సీజన్ టికెట్ల జోలికి పోలేదు.

రోజులు కాదు, ఎక్కిన సార్లు లెక్కపెట్టండి

చాలామంది ‘నేను నెలకు ఎనిమిది రోజులు వెళ్తాను’ అని లెక్క మొదలుపెడతారు. తేడా కొట్టేది అక్కడే. మన డెల్టాలో పొద్దున్న రైలు, సాయంత్రం ఆర్టీసీ బస్సు అనే అలవాటు బాగా ఉంది. పొద్దున్నపూట మెము సమయానికి వస్తుంది. సాయంత్రం పని ఏడింటికి ముగిస్తే అనువైన రైలు ఉండదు. ఉన్నా ఆలస్యమైతే కాంప్లెక్స్‌కు వెళ్లి బస్సెక్కేస్తారు. అలా చేసేవారికి ఎనిమిది రోజులంటే ఎనిమిది ప్రయాణాలే, పదహారు కాదు.

కాబట్టి గత రెండు నెలల్లో రైలు ఎన్నిసార్లు ఎక్కారో గుర్తుచేసుకోండి. వెళ్లడం ఒకటి, రావడం ఒకటి. ఫోన్‌లో టికెట్ కొనే అలవాటుంటే పాత బుకింగులు చూస్తే సరిపోతుంది. ‘ఇకనుంచి రోజూ రైల్లోనే వస్తా’ అని మనసులో అనుకున్న సంఖ్య మాత్రం వేయకండి.

లెక్క తేలిగ్గా ఉండటానికి మీ ఊళ్ల మధ్య మెము టికెట్ 20 రూపాయలనుకుందాం. పై సూత్రం ప్రకారం నెల సీజన్ 300, మూడు నెలలది 810 అవుతుంది. అసలు ధరల్లో రౌండింగ్ వల్ల కొంచెం అటూఇటూ ఉంటుంది.

వారానికి ఒక్క రోజు రానూపోనూ రైల్లో వెళ్తే 13 వారాల్లో 26 ప్రయాణాలు, 520 రూపాయలు. సీజన్ అక్కర్లేదు.

వారానికి రెండు రోజులైతే 52 ప్రయాణాలు. రోజువారీ టికెట్లకు 1,040 రూపాయలు. నెల సీజన్ మూడుసార్లు తీసుకుంటే 900. మూడు నెలల సీజన్ 810.

ఈ రెండు రోజుల కేసునే కాస్త దగ్గరగా చూడండి. నెల సీజన్ తీసుకుంటే నెలకు 16 నుంచి 18 ప్రయాణాలు. సీజన్ డబ్బు తిరిగి రావాలంటే 15 కావాలి. ఒక్క రోజు జ్వరమొచ్చినా, ఒక్క వారం సెలవు పెట్టినా నష్టం మీకే. అదే మూడు నెలల సీజన్‌లో 52కు గాను 40 దాటితే చాలు. ఐదు రోజులు పూర్తిగా మానేసినా ఇంకా లాభంలోనే ఉంటారు. వెళ్లని రోజులను సర్దుకునే ఖాళీ నెల సీజన్‌లో లేదు, మూడు నెలల దానిలో ఉంది. రైల్వే ఆ పేరు పెట్టకపోయినా, మనకున్న వాటిలో ఫ్లెక్సీ పాస్‌కు దగ్గరగా ఉన్నది ఇదే.

మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ వెళ్లేవారు ఆలోచించే పనే లేదు. 1,560 రూపాయల ప్రయాణం 810కి వస్తుంది.

మరి మూడు నెలల్లో ఒక నెల అసలే వెళ్లరనుకోండి. వేసవి సెలవుల్లో కాలేజీ మూసేస్తారు, లేదా ఒక నెల ఇంటి నుంచే పని. అప్పుడు రెండు నెల సీజన్లు 600, మూడు నెలలది 810. తేడా 210 రూపాయలు, అంటే పది పదకొండు ప్రయాణాలు. ఆ మూడో నెలలో కనీసం ఆరు రోజులు రానూపోనూ తిరుగుతారా? తిరిగితే మూడు నెలలదే తీసుకోండి. లేకపోతే నెలవి రెండు చాలు.

ఎక్స్‌ప్రెస్ ఎక్కేవారి లెక్క వేరు

పైన చెప్పిందంతా మెము, ప్యాసింజర్ టికెట్ కొనేవారి సంగతి. కరోనా తర్వాత ప్యాసింజర్ రైళ్లకూ ఎక్స్‌ప్రెస్ చార్జీ వసూలు చేశారు. కనీస టికెట్ 10 నుంచి 30 రూపాయలకు పెరిగింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ పాత చార్జీకి తెచ్చారు. అందువల్ల ఇప్పుడు అదే దూరానికి మెము టికెట్‌కు, ఎక్స్‌ప్రెస్ జనరల్ టికెట్‌కు మధ్య తేడా బాగా ఉంది. చాలా చోట్ల రెట్టింపు, తక్కువ దూరాల్లో అంతకు మించి.

సీజన్ టికెట్ ధర మాత్రం దూరాన్ని బట్టి ఉంటుంది. సీజన్‌తో మామూలు ఎక్స్‌ప్రెస్‌ల జనరల్ బోగీల్లోనూ వెళ్లవచ్చు. కాబట్టి మీకు అలవాటైంది సింహాద్రి లాంటి ఎక్స్‌ప్రెస్ అయితే లెక్క ఒక్కసారిగా మీ వైపు మొగ్గుతుంది. పై ఉదాహరణలోనే ఎక్స్‌ప్రెస్ టికెట్ 40 రూపాయలనుకుంటే మూడు నెలల సీజన్ డబ్బు 21 ప్రయాణాలకే వచ్చేస్తుంది. అప్పుడు వారానికి ఒక్క రోజు వెళ్లేవారికీ కిట్టుబాటే.

సూపర్‌ఫాస్ట్ దగ్గర ఆగాలి. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ పేరులో ఎక్స్‌ప్రెస్ అనే ఉన్నా అది సూపర్‌ఫాస్ట్ రైలు. మామూలు సీజన్‌తో అందులో ఎక్కకూడదు, సూపర్‌ఫాస్ట్ అదనపు చార్జీ వేరుగా కట్టాలి. గుర్తుపట్టడం తేలికే. రైలు నంబరు 12, 20, 22లతో మొదలైతే సూపర్‌ఫాస్ట్ కోవలోకి వస్తుంది. 17, 18తో మొదలైతే మామూలు ఎక్స్‌ప్రెస్. నెలలో ఒకటి రెండుసార్లే రత్నాచల్ ఎక్కుతారంటే మొత్తం సీజన్‌ను సూపర్‌ఫాస్ట్‌గా తీసుకోవడం కన్నా ఆ రోజుకు విడిగా సూపర్‌ఫాస్ట్ జనరల్ టికెట్ కొనుక్కోవడమే నయం.

వందేభారత్‌లో జనరల్ బోగీలే లేవు కాబట్టి సీజన్ అక్కడ పనికిరాదు. అలాగే ఏ రైల్లోనైనా స్లీపర్, ఏసీ, రిజర్వుడు సిట్టింగ్ బోగీల్లో సీజన్ చెల్లదు. కొన్ని రైళ్లలో కొన్ని స్టేషన్ల మధ్య పగటిపూట డీ-రిజర్వుడు బోగీలుగా ప్రకటించినవి ఉంటాయి, వాటిలో మాత్రమే మినహాయింపు. ‘బోగీ ఖాళీగానే ఉంది కదండీ’ అంటే టీసీ ఒప్పుకోరు. చెల్లుబాటు కాని టికెట్‌తో దొరికితే చార్జీతో పాటు కనీసం 250 రూపాయలు అదనంగా కట్టాలి. మీరు సీజన్‌తో ఆదా చేసుకున్నదంతా ఒక్క పూటలో పోతుంది.

అసలు సీజన్ టికెట్ సీటుకు హామీ కాదు. పండగల ముందు, పుష్కరాల్లాంటి సమయాల్లో జనరల్ బోగీలో నిలబడే చోటు దొరకడమే కష్టం. ఆ ప్రయాణం మీ వల్ల కాదనుకుంటే, రిజర్వేషన్ చేయించుకునే రోజులను పై లెక్కలోంచి తీసేయండి.

ఏ స్టేషన్ పేరు రాయించాలి?

గడువు తేల్చుకున్నాక చూసుకోవాల్సింది స్టేషన్ల పేర్లు. సీజన్ మీద రాసిన రెండు స్టేషన్ల మధ్య ఎక్కడైనా దిగవచ్చు, ఎక్కవచ్చు. దాటితే చెల్లదు. కొవ్వూరు నుంచి వచ్చేవారు గోదావరి స్టేషన్ వరకు రాయించుకుంటే రాజమండ్రి ప్రధాన స్టేషన్‌లో దిగలేరు. రాజమండ్రి వరకు రాయిస్తే గోదావరిలోనూ దిగవచ్చు. అన్ని రైళ్లూ గోదావరిలో ఆగవు కాబట్టి దూరపు స్టేషనే మేలు.

కాకినాడ వెళ్లేవారికీ ఇదే సలహా. ప్రధాన లైన్ సామర్లకోట మీదుగా పోతుంది, కాకినాడ అక్కడి నుంచి పక్కకు వెళ్లే లైన్‌లో ఉంది. రాజమండ్రి - కాకినాడ టౌన్ అని రాయించుకుంటే కాకినాడ రైలు దొరకని రోజు విశాఖ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో సామర్లకోట వరకు వచ్చి, అక్కడి నుంచి ఆటోనో బస్సో పట్టుకోవచ్చు.

రూట్ విషయంలో డెల్టాకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. నిడదవోలు దగ్గర లైన్ రెండుగా చీలుతుంది. ఒకటి తాడేపల్లిగూడెం, ఏలూరు మీదుగా విజయవాడకు. రెండోది తణుకు, భీమవరం, గుడివాడ మీదుగా అదే విజయవాడకు. తణుకు నుంచి విజయవాడకు సీజన్ తీసుకునేవారు ఏ దారి అన్నది కౌంటర్‌లో చెప్పి రాయించుకోవాలి, యాప్‌లోనైతే రూట్ చూసి ఎంచుకోవాలి. ఒక దారికి తీసుకున్న సీజన్ రెండో దారిలో చెల్లదు. వారంలో ఒకసారి ఇటు, ఒకసారి అటు వెళ్లేవారు ఎక్కువసార్లు వెళ్లే దారికి సీజన్ తీసుకుని, రెండో దారికి మామూలు టికెట్ కొనుక్కోవాలి.

దూరానికీ హద్దుంది. 150 కిలోమీటర్లు మించితే సీజన్ ఇవ్వరు. రాజమండ్రి - విజయవాడ దూరం ఆ హద్దుకు దాదాపు ఆనుకుని, లోపలే ఉంది. ద్వారపూడి, అనపర్తి, సామర్లకోట వారు విజయవాడకు సీజన్ అడిగితే మాత్రం కుదరదు.

తేదీ మీ చేతిలోనే ఉంది

సీజన్ ఒకటో తారీఖు నుంచే మొదలవ్వాలని లేదు. 12న తీసుకుంటే వచ్చే నెల 11 వరకు చెల్లుతుంది. రోజూ వెళ్లేవారికి ఇది పెద్ద విషయం కాదు. వారానికి రెండు రోజులవారికి మాత్రం లాభనష్టాలను తేల్చేది ఇదే. జనవరి 5న నెల సీజన్ తీసుకున్నవారికి సంక్రాంతి వారం గాలికి పోతుంది. పండగ అయ్యాక 19 నుంచి మొదలుపెడితే నెలంతా పనిదినాలే. దసరా సెలవులు, వేసవి సెలవుల ముందూ ఇలాగే చూసుకోండి. పాతది అయిపోగానే ఆనవాయితీగా రెన్యువల్ చేయించడం రోజువారీ ప్రయాణికుల అలవాటు. మీరు మధ్యలో పది రోజులు ఖాళీ వదిలి, విడిగా టికెట్లు కొనుక్కుని, మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఖాళీ వదలకూడదనుకుంటే గడువుకు పది రోజుల ముందు నుంచీ రెన్యువల్ చేసుకునే వీలుంది.

స్టేషన్ జనరల్ కౌంటర్‌లో, 2025 జులై 1న వచ్చిన రైల్‌వన్ యాప్‌లో సీజన్ టికెట్లు దొరుకుతాయి. ఫోటో గుర్తింపు కార్డు నంబరు టికెట్ మీద పడుతుంది, ప్రయాణంలో ఆ కార్డు దగ్గర ఉండాలి. యాప్‌లో కొత్త సీజన్ మర్నాటి నుంచి మొదలవుతుంది కాబట్టి ప్రయాణం రోజు పొద్దున్నే కొంటే ఆ రోజుకు పనికిరాదు. డబ్బు కట్టే ముందు ధర కనిపిస్తుంది. నెలది, మూడు నెలలది రెండూ మార్చి చూసి, ఆ ధరను మీరు మామూలుగా కొనే టికెట్ ధరతో భాగించండి. ఎన్ని ప్రయాణాలకు గిట్టుబాటవుతుందో మీ రూట్‌కు కచ్చితంగా తెలుస్తుంది. ఇక ఫోన్‌లో టికెట్ ఉన్నవారు చార్జింగ్ చూసుకోవాలి. టీసీ అడిగినప్పుడు చూపించలేకపోతే టికెట్ లేనట్టే.

ఆరు నెలలు, ఏడాది సీజన్లు పార్ట్‌టైమ్ వారికి సిఫారసు చేయలేం. సీజన్ టికెట్ వాడకపోయినా, సగం వాడినా డబ్బు వెనక్కి రాదు. గెస్ట్ లెక్చరర్ టైమ్‌టేబుల్ సెమిస్టర్‌కోసారి మారుతుంది, నర్సు వార్డు మారుతుంది. ఏడాది ముందుకు డబ్బు కట్టేంత స్థిరత్వం ఆ ఉద్యోగాల్లోనే లేదు. మీ సీజన్‌ను తమ్ముడికో, తోటి ఉద్యోగికో ఇవ్వడానికీ వీల్లేదు, పేరున్నవారే వాడాలి.

ముందు రాయితీ ఉందేమో చూడండి

విద్యార్థులైతే పై లెక్కలు వేసే ముందు కాలేజీ ఆఫీసులో అడగండి. విద్యార్థి సీజన్ సగం ధరకే వస్తుంది. ఇంటి నుంచి విద్యాసంస్థకు వెళ్లే అమ్మాయిలకు డిగ్రీ వరకు, అబ్బాయిలకు ఇంటర్ వరకు సెకండ్ క్లాస్ నెల సీజన్ ఉచితం. విద్యాసంస్థ ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. సగం ధరంటే ఏడెనిమిది ప్రయాణాలకే డబ్బు వచ్చేసినట్టు. వారానికి ఒక్క రోజు ప్రాక్టికల్స్‌కు వెళ్లేవారికీ అది లాభమే.

అసంఘటిత రంగంలో పనిచేసే పేదల కోసం 2009లో ‘ఇజ్జత్’ సీజన్ ప్రకటించారు. నెలకు 25 రూపాయలే. అప్పట్లో 100 కిలోమీటర్ల వరకు ఇచ్చారు, తర్వాత 150కి పెంచారు. నెల ఆదాయం 1,500 రూపాయలు మించకూడదన్నది షరతు. రోజు కూలీ ఎంతుందో తెలిసిన వారెవరికైనా ఆ అంకె చూస్తే దీన్ని ఎంతమంది అందుకోగలరో అర్థమవుతుంది. అర్హత ఉందనుకుంటే ఆదాయ ధ్రువపత్రంతో స్టేషన్‌లో సంప్రదించండి.

కోనసీమ పాఠకులకు ఈ కథనంలో పనికొచ్చేది తక్కువే. కోటిపల్లి - నరసాపురం లైన్ 2000-01లో మంజూరైనా ఇంకా పూర్తి కాలేదు. అమలాపురం నుంచి వారానికి రెండు రోజులు కాకినాడకో రాజమండ్రికో వెళ్లేవారికి ప్రస్తుతానికి ఆర్టీసీయే దిక్కు. ఇదే లెక్కను బస్సుకూ వేసుకోవచ్చు. డిపోలో నెల పాస్ ధర అడిగి, ఒక్కసారి టికెట్ ధరతో భాగించి, నెలలో నిజంగా ఎన్నిసార్లు ఎక్కుతున్నారో దానితో పోల్చుకోండి.